ఇంజనీరు యంత్రముల నమ్మవచ్చునా?

బిడ్డను ఇంజనీరింగు చదివింపవలెనని కోరని తల్లిదండ్రులు నేడు మన ప్రాంతమున నరుదు. ఒకప్పు డీ విద్యకై చెన్నపట్టణమునందలి గిండీ కళాశాలకు బోవలసియుండెను. 1946వ సంవత్సరమున విశాఖపట్టణమునందు ఇంజనీరింగు కళాశాల స్థాపింపబడి, పిదప కాకినాడకు మార్చబడెను. 1981లో మన బాపట్లయందే యట్టి కళాశాల వెలసినది. ఇప్పుడు చుండూరులో రైలెక్కిన విద్యార్థి కళాశాలలో పాఠములు విని, సాయంకాలమునకు తిరిగి యింటికి రాగలడు. విద్య యింత చేరువకు వచ్చినందుకు మన మెల్లరము సంతసింపవలసినదే.

అయితే ఆ విద్య ముగిసిన పిమ్మట నేపని చేయవలెనను విషయమున మన తలంపులు మాత్రము మిక్కిలి యిరుకైనవి. ఇంజనీరనగా వంతెన కట్టువాడు, కాలువ త్రవ్వించువాడు, కర్మాగారమున యంత్రములు నడుపువాడు, లేదా కంప్యూటరు ముందు గూర్చుండువాడు అని తలంచుచున్నాము. కుమారుడో కుమార్తెయో వచ్చి "పంపులను, బాయిలరులను తయారుచేయు కంపెనీలో విక్రయశాఖయందు నాకు పని దొరకినది" అని చెప్పినచో నింటిల్లిపాదియు మొగము చిన్నబుచ్చుకొందురు. "నాలుగేండ్లు అప్పు చేసి చదివించినది యంత్రము లమ్ముకొనుటకా?" అని తండ్రి యడుగును. ఈ ప్రశ్న తేలికగా ద్రోసివేయదగినది కాదు. తండ్రి చేసిన అప్పు నిజము; ఆయన పెట్టుకొన్న ఆశయు నిజము. కావున అమ్మకమన నేమి, అందు ఇంజనీరునకు బని యేమి, ఆ పని చదువునకు దగినదా కాదా యని యీ పాఠమున విచారింతము.

1. అమ్మకములందలి భేదము

సంతలో వంకాయలు కొనువాడు వానిని చేతబట్టి చూచును. పుచ్చు కనబడినచో ప్రక్కన బెట్టును. బట్ట కొనువాడు నలిపి చూచును. బియ్యము కొనువాడు గింజ కొఱికి చూచును. ఇట్టి వస్తువుల విషయమున కొనువాని తెలివి అమ్మువాని తెలివికి దీసిపోదు. యంత్రము విషయ మట్టిది కాదు. పంపు పైకి రంగు వేయబడి మెఱయుచుండును. లోపలి చక్రము తన పొలమునకు గావలసిన యెత్తునకు దగినదో కాదో కొనువాని కన్నుల కగపడదు. ధర చెల్లించి, యింటికి దెచ్చి, బిగించి, పైరు వాడుచున్నప్పుడు నడపి చూచినగాని దాని గుణము తేలదు. అప్పటికి కాలము మించిపోవును.

యంత్రము నమ్ముటలో నినుముతోపాటు మాటయు నమ్ముడుపోవుచున్నది. "ఇది యింత యెత్తునకు గంట కింత నీరు తోడును, ఇంత కరెంటు కాల్చును, చెడినచో బాగుచేయుట కీ భాగములు దొరకును" అను మాటను నమ్మియే రైతు డబ్బు చెల్లించుచున్నాడు. ఆ మాట లెక్కలో బుట్టినదైనచో సత్యమగును. నోట మాత్రమే పుట్టినదైనచో మోసమగును. ఆ లెక్క వేయగలవాడు ఇంజనీరు. వాని నమ్మకమునుండి దూరముంచినచో నా స్థానమున నిలుచువాడు లెక్క తెలియనివాడు. నష్టము ఇంజనీరునకు గాదు, రైతునకు.

2. అశ్వశక్తి యెట్లు పుట్టినది?

భౌతికశాస్త్రమున మీరు చదివిన అశ్వశక్తి యను కొలమానము అమ్మకము కొఱకు బుట్టినదని మీలో నెందఱికి దెలియును? స్కాట్లండు దేశస్థుడగు జేమ్సు వాటు మొదట శాస్త్రపరికరములు చేయు పనివాడు. నాటి ఆవిరియంత్రము బొగ్గు నమితముగా దినుచుండుట చూచి, ఆవిరిని వేఱొక పాత్రలో జల్లార్చు నుపాయము కనిపెట్టి, 1769లో దానికి పేటెంటు పొందెను. కాని యంత్రమును గనిపెట్టుట వేఱు, దానిని గొనువారిని సంపాదించుట వేఱు. వాటునకు బేరసారము లనిన గిట్టెడివి కావు. 1775లో బర్మింగుహాము పట్టణమున కర్మాగార యజమానియగు మాత్యూ బౌల్టనుతో భాగస్వామ్యము కుదిరిన పిదపనే ఆ యంత్రము లోకమున వ్యాపించెను.

వారిరువురు కార్నువాలు గనుల యజమానులతో జేసికొన్న యొడంబడిక గమనింపదగినది. పాతయంత్రముతో బోల్చి చూడగా నెంత బొగ్గు మిగులునో, ఆ మిగులు వెలలో మూడవవంతు తమకు జెల్లింపవలెనని కోరిరి. బొగ్గు మిగులనిచో దమకు రాబడి లేదు. కావున వారు తమ యంత్రపు పనిని ప్రతిదినము గొలువవలసివచ్చెను. యంత్ర మెన్నిమార్లు ఆడినదో లెక్కించుటకు దానికొక లెక్కపెట్టె నమర్చిరి. ఇట్లు కొలతయు అమ్మకమును కవలలై నడచినవి.

తరువాత పిండిమరల వారును, సారాయి బట్టీల వారును యంత్రము గావలెనని వచ్చిరి. వారి మరలను గుఱ్ఱములు త్రిప్పుచుండెను. బొగ్గు లెక్క వారికి బనికిరాదు. "మీ యంత్ర మెన్ని గుఱ్ఱములకు సాటి?" యని వా రడిగిరి. వాటు లెక్కించి, నిమిషమునకు 33,000 పౌనుల బరువు నొక యడుగెత్తు లేవనెత్తు పనిని ఒక గుఱ్ఱపు పనిగా నిర్ణయించెను. నేటి కొలతలో నది సుమారు 746 వాట్లు. కొనువాని భాషలో యంత్రపు సత్తువను జెప్పుటకై చేసిన యీ లెక్క, తరువాత శాస్త్రగ్రంథముల కెక్కినది.

3. చెన్నపురి రాజధానియందు

ఇక మన దేశమునకు వత్తము. ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ అను ఆంగ్లేయుడు చెన్నపట్టణపు ఇంజనీరింగు కళాశాలలో నాచార్యుడుగా నుండెను. ఆయన తరగతిగదితో దృప్తినొందలేదు. 1898లో చెన్నపట్టణపు చిత్రకళాపాఠశాలయందు అల్యూమినియము పాత్రలు చేయించి, వానిని జనులచే గొనిపించి, ఆ పరిశ్రమకు మన దేశమున ద్రోవ వేసెను. 1903లో నది యొక కంపెనీ చేతికి బోయెను. పిమ్మట నాయన దృష్టి బావులమీదికి మరలెను.

ఆ కాలమున రాజధాని యంతటను బావినీటిని ఎద్దులు మోటతో లాగుచుండెను. కొన్నిచోట్ల మనుష్యులు ఏతముపై నడచుచుండిరి. ఇరువదవ శతాబ్దపు తొలి దశాబ్దమున ఛాటర్టన్ చమురు ఇంజనును, పంపును బావి గట్టున బిగించి నడపి, ఖర్చు లెక్కగట్టి రైతులకు జూపసాగెను. ఎత్తిపోతల సేద్యముపై గ్రంథమును రచించెను. ఆయన వర్తకుడు కాడు, ప్రభుత్వోద్యోగి. అయినను ఆయన చేసినది నేటి యంత్రవిక్రేత చేయవలసిన పనియే: కొనువాని బావిగట్టునకు బోవుట, నీటిని గొలుచుట, ఖర్చును లాభమును బోల్చి చెప్పుట. ఆచార్యపదవి నధిష్ఠించినవాడు బావిగట్టున నిలిచి రైతుతో మాటలాడుటచే నాచార్యత్వము తగ్గినదని యెవరును ననలేదు.

4. ఇద్దఱు డేనిషు ఇంజనీర్లు

ఇంజనీరింగునుండి యంత్రవిక్రయమునకు మారిన వారిలో మన దేశమున బ్రసిద్ధికెక్కిన వారు హెన్నింగు హోల్కు లార్సెను, సోరెను టూబ్రో యను నిరువురు. ఇరువురును డెన్మార్కు దేశస్థులే. ఆ దేశమున సిమెంటు కర్మాగారముల యంత్రములు చేయు ఎఫ్.ఎల్. స్మిత్ కంపెనీలో ఇంజనీర్లు. టూబ్రో 1934లో కోయంబత్తూరు చెంతనున్న మదుక్కరై సిమెంటు కర్మాగారమున యంత్రములు నిలుపుటకై మన దేశమునకు వచ్చెను. లార్సెను 1937లో వచ్చెను. బొంబాయికి సమీపమునగల మాథేరాను కొండపై సెలవుదినములు గడపుచు, స్వంతముగా వ్యాపారము పెట్టవలెనని యిరువురు నాలోచించుకొనిరి. 1938వ సంవత్సరము మే 1వ తేదీన లార్సెన్ అండ్ టూబ్రో యను భాగస్వామ్య మేర్పడెను.

వారి బొంబాయి కార్యాలయ మెంత చిన్నదనగా, ఒక్కసారి యొక్కడే యందు గూర్చుండగలిగెడివా డని చెప్పుదురు. డెన్మార్కునందు తయారగు పాలపరిశ్రమ యంత్రములకు ప్రతినిధులై, వానిని మన దేశమున నమ్ముట వారి మొదటి పని. మన సమీపమున వడ్లమూడి సంగం డెయిరీవంటి చోట్ల పాలను చల్లార్చుటకును, వేడిచేసి శుద్ధిపఱచుటకును యంత్రములు పనిచేయుట మీరెఱిగినదే. అట్టి యంత్రములు నాడు విదేశముల నుండియే రావలెను.

ఇంతలో 1939లో రెండవ ప్రపంచయుద్ధము వచ్చెను. 1940 ఏప్రిలులో జర్మనీ సైన్యములు డెన్మార్కు నాక్రమించుటతో సరుకు రాక నిలిచిపోయెను. అమ్ముటయే తెలిసినవాడైనచో నా దినముననే తలుపు మూసికొనవలసి యుండును. వీరు ఇంజనీర్లగుటచే చిన్న కార్ఖానా నొకదానిని దెఱచి, తా మంతవఱకు నమ్మిన యంత్రములవంటివానిని దామే చేయనారంభించిరి. ఓడల మరమ్మతులును చేపట్టిరి. టాటావారు సోడా కర్మాగారము నెలకొల్పుచుండగా, యంత్రములు బిగింపవలసిన జర్మను ఇంజనీర్లు యుద్ధమువలన రాలేకపోయిరి. ఆ పనియు వీరికే లభించెను. 1944లో నిర్మాణపనులకై వేఱొక సంస్థను బెట్టిరి. 1945లో అమెరికాయందలి కాటర్‌పిల్లర్ కంపెనీతో నొడంబడిక చేసికొని, మన్ను త్రవ్వు భారీ యంత్రములు అమ్మ మొదలిడిరి. దానికి మూలధనము చాలమిచే 1946 ఫిబ్రవరి 7వ తేదీన ప్రైవేటు లిమిటెడు కంపెనీగా మారిరి. 1950లో నది ప్రజలు వాటాలు గొనదగిన కంపెనీ యయ్యెను. టూబ్రో 1982లోను, లార్సెను 2003లోను మరణించిరి. లార్సెనునకు 1976లో రామన్ మెగసెసే బహుమానమును, 2002లో పద్మభూషణ బిరుదమును లభించినవి. హైదరాబాదు నగరమున 2017లో నడువ మొదలిడిన మెట్రో రైలుమార్గమును నిర్మించినది వీరు స్థాపించిన కంపెనీయే.

ఈ కథయందు విద్యార్థులు గమనింపవలసినది ధనమును గాదు. వీరు యంత్రము బిగించుట నేర్చి, పిదప నమ్మిరి. అమ్ముచు నీ దేశమునకేది గావలెనో తెలిసికొనిరి. సరుకు రానప్పుడు దానిని దామే చేసిరి. అమ్మకము వారి విద్యకు ముగింపు గాలేదు. ఆ విద్యకు దేశములోని యవసరములను జూపిన కిటికీ యయ్యెను.

5. మన గుంటూరు సీమనుండి

ఇట్టి మార్గమున వ్యతిరేకదిశగా నడచిన యొక పెద్ద మన గుంటూరు సీమయందే జన్మించెను. బెల్లంవారిపాలెమున నొక కర్షక కుటుంబమున బుట్టిన వెలగపూడి రామకృష్ణగారు ఐ.సి.యస్. ఉద్యోగియై, పిదప పరిశ్రమలకు దిగిరి. 1941లో వుయ్యూరు చక్కెర కర్మాగారముతో కె.సి.పి. సంస్థ నారంభించిరి. అనగా మొదట యంత్రములు గొనువారైరి. ఆ సంస్థయే 1955లో చెన్నపట్టణపు సమీపమున తిరువొత్తియూరులో కార్ఖానా పెట్టి, చక్కెర కర్మాగారములకు గావలసిన యంత్రములను దానే తయారుచేసి ఇతరుల కమ్మ మొదలిడెను. ఆయన ఇంజనీరు కాకపోయినను, ఆయన సంస్థ చరిత్ర మన కొక విషయము దెలుపుచున్నది: యంత్రమును వాడి దాని కష్టసుఖము లెఱిగినవాడు తరువాత దానిని జేసి అమ్మునప్పుడు, కొనువాని బాధను తన బాధగా నెఱుగును.

6. ఒక లెక్క

ఇంతవఱకు చెప్పినది కథ. ఇక లెక్క చేసి చూతము. బాపట్ల, రేపల్లె ప్రాంతముల సముద్రతీరపు ఇసుక నేలలయందు రైతులు దొరువులు త్రవ్వి నీరు తోడుదురు. ఆ నేలలో మంచినీరు పైన పలుచని పొరగా నుండును. దాని క్రింద నుప్పునీరు బరువై నిలిచియుండును. బాపట్ల పరిశోధనకేంద్రమువారు, ఈ పై పొరను మాత్రము మెల్లగా దీసికొనునట్లు దొరువుపద్ధతిని మెఱుగుపఱచిరి.

అట్టి యొక రైతు పంపు గొనుటకై తెనాలి బజారునకు వచ్చెననుకొనుడు. "మా పొరుగువాని కైదు అశ్వశక్తుల పంపున్నది, నాకు నదియే యిమ్ము" అనును. లెక్క యెఱుగని విక్రేత సంతోషముతో నిచ్చివేయును. పంపెంత పెద్దదో లాభమంత పెద్దది గదా! ఇంజనీరగు విక్రేత మొదట నాలుగు ప్రశ్న లడుగును: నీటిమట్టము నేలకెంత లోతున నున్నది? నీరెంత యెత్తున బోయవలెను? గొట్టమెంత పొడవు? దొరువులో గంట కెంత నీరూరును?

నీరు 4 మీటర్ల లోతున నున్నదనుకొందము. 1 మీటరు పైకి బోయవలెను. గొట్టములో రాపిడికి 3 మీటర్లు కలుపుదము. మొత్తము 8 మీటర్లు. సెకనుకు 6 లీటర్ల నీరు చాలుననుకొందము. ఒక లీటరు నీటి ద్రవ్యరాశి ఒక కిలోగ్రాము; దాని నొక మీటరెత్తుటకు 9.81 జౌళ్ల పని గావలెను. కావున 9.81ని 6చేతను, 8చేతను గుణింపగా సుమారు 471 వాట్లు వచ్చును. పంపు తాను గైకొన్న శక్తిలో సగమే నీటి కందించునని, అనగా దక్షత నూటికి 50 అని తీసికొన్నచో 942 వాట్లు గావలెను. దీనిని 746చే భాగింపగా 1.26 వచ్చును. బజారులో దొరకు 1.5 అశ్వశక్తుల పంపు చాలునని తేలినది.

ఈ పంపు గంటకు 21,600 లీటర్లు తోడును. ఒక ఎకరముపై నొక యంగుళము నీరు నిలుపుటకు సుమారు 1,02,800 లీటర్లు గావలెను. అనగా నాలుగుముక్కాలు గంటల పని. రైతున కీ మాట యర్థమగును. ఐదు అశ్వశక్తుల పంపును దీసికొన్నచో దొరువులోని మంచినీరు త్వరగా నడుగంటి, క్రిందనున్న యుప్పునీరు పైకి లేచును. ఒకసారి యుప్పునీరు పైరుమీద బడినచో నష్టము మోటారు వెలతో నాగదు. పొరుగువానికి అట్టి పంపు తగినదై యుండవచ్చును, ఏలయన వాని బావి వేఱు, వాని నేల వేఱు.

ఇంకొక సంగతి. నేలమీద నుంచు పంపు నీటిని బీల్చునది గాలియొత్తిడి సాయముననే గదా! ఆ యొత్తిడి నీటిని 10 మీటర్లకు గొంచె మెక్కువగా మాత్రమే లేపగలదు. ఆచరణమున 7 మీటర్లు దాటిన కష్టము. నీరంతకంటె లోతుననున్నచో, మోటారెంత పెద్దదైనను పైనుండి పీల్పించుట వ్యర్థము. పంపును నీటిలోనికే దింపవలెను. పాఠశాలలో జదివిన గాలియొత్తిడి యిచట నొక రైతు సొమ్మును గాపాడుచున్నది.

7. రైసుమిల్లున

మఱియొక యుదాహరణము. తెనాలి చుట్టుపట్ల రైసుమిల్లులకు గొదువ లేదు. 1855లో బెజవాడ యానకట్ట పూర్తియైనది మొదలు కృష్ణ నీటితో పండిన ధాన్యమును బియ్యము చేయుట యీ సీమకు ముఖ్య పరిశ్రమగా పెరిగినది. ఒక మిల్లుయజమాని "మా మరలో నూక యెక్కువగా బడుచున్నది, క్రొత్త మర యిమ్ము" అని అడిగెననుకొనుడు. ఇంజనీరు మరను జూడకముందు ధాన్యమును జూచును. ధాన్యమున తేమ నూటికి 14 పాళ్ల ప్రాంతమున నున్నప్పుడు మర చక్కగా నాడును; తేమ మించినచో గింజ మెత్తబడి నలుగును; ఎండలో నతిగా నెండి, మరల తడిసినచో గింజలో పగుళ్లేర్పడి విఱుగును. దోషము ధాన్యమున నున్నచో మర మార్చిన ఫలమేమి? అట్టిచో నాతనికి గావలసినది ఆరబెట్టు యంత్రము. ఒకవేళ పాత హల్లరునందే ధాన్యమాడించుచు, ఊకయు తవుడును కలిసిపోవుచున్నచో, రబ్బరు రోలరులుగల మర యవసరమని చెప్పవలెను. ఏలయన వేఱుగా వచ్చిన తవుడునుండి నూనె దీయవచ్చును, ఊకను బాయిలరులో గాల్పవచ్చును. ధాన్యపు తూకమున నైదవవంతు ఊకయే గదా!

ఇచట విక్రేత వైద్యునివంటివాడు. రోగి యడిగిన మందు నిచ్చువాడు వైద్యుడు కాడు. రోగమును గనిపెట్టి మందిచ్చువాడు వైద్యుడు. ఒక్కొక్కప్పుడు "నీకేమియు గొననక్కఱలేదు, ఈ పట్టా బిగించిన జాలును" అని చెప్పి రిక్తహస్తములతో మరలివచ్చు ధైర్య మాతనికి గావలెను. ఆనాడు బేరము పోవును. కాని మఱునా డా యజమాని కేది గావలసినను వాని కొఱకే కబురంపును.

8. ఈ వృత్తియందలి శోధనలు

ఈ వృత్తిని బొగడి లోపములను దాచుట న్యాయము గాదు. మొదటిది, నెలనెలకు నింత యమ్మవలెనని కంపెనీ నిర్ణయించు లెక్క. నెలాఖరున నది పూర్తికానిచో, తగని యంత్రమును దగినదని చెప్పుటకు నాలుక దురదపెట్టును. జీతముతోపాటు అమ్మకముపై వాటా యిచ్చుచోట్ల నీ శోధన యింకను దీవ్రము. రెండవది, కొనుగోలుచేయు నుద్యోగికి చేతులు తడుపుమని కొందఱు బోధింతురు. మూడవది, నిరంతర ప్రయాణము. పండుగనాడును పరాయియూరున నుండవలసివచ్చును. నాలుగవది, నేర్చినవిద్య తుప్పుపట్టు ప్రమాదము. కరపత్రములు పంచుటయు, ధరలు చదువుటయు మాత్రమే చేసిన ఇంజనీరు కొలది యేండ్లలో ఇంజనీరు కాకుండబోవును. అట్టి యుద్యోగమును గూర్చి తండ్రి పడు భయము సహేతుకమే.

సత్యవేదమున సామెతల గ్రంథము దొంగత్రాసును దేవునికి హేయమైనదిగా జెప్పుచున్నది. త్రాసునందు మోస మొక శేరులో గొన్ని గింజలు. యంత్రమునందు మోస మొక కుటుంబమునకు గొన్నియేండ్ల అప్పు. కావున తెలిసినవాని యబద్ధము తెలియనివాని యబద్ధముకంటె బరువైనది. విద్యగల విక్రేత కధిక బాధ్యత గలదనుట కిదియే హేతువు.

9. ఇందులకేమి నేర్వవలెను?

ఈ వృత్తి కిష్టపడు బాలబాలికలు పాఠశాలయందే కొన్ని యలవాట్లు చేసికొనవచ్చును. గణితమున యూనిట్లను వ్రాయక విడువవలదు. లీటర్లు, గాలన్లు, అంగుళములు, మీటర్లు ఒకదానినుండి యొకదానికి నిముషములో మార్చగలుగవలెను. భౌతికశాస్త్రమున పని, సామర్థ్యము, దక్షత యను మూడు పాఠములను మనసున నాటించుకొనవలెను. వడ్డీ లెక్కలను నిర్లక్ష్యము చేయరాదు; అప్పుతో గొన్న యంత్ర మెన్నినాళ్లకు దన వెలను దాను సంపాదించునో చెప్పలేనివాడు సగము విక్రేత. తెలుగున స్పష్టముగా మాటలాడుటయు, తప్పులేని యుత్తరము వ్రాయుటయు నేర్వవలెను. ఇంగ్లీషును, హిందీయు వచ్చినచో ఇతర రాష్ట్రములకును బోవచ్చును. అన్నిటికంటె ముఖ్యమైనది వినుట. రైతు తన నేలను గుఱించి చెప్పునది ఏ గ్రంథమునను దొరకదు.

ఇంజనీరింగు ముగించినవారు వెంటనే అమ్మకమున బ్రవేశించుటకంటె, మొదట కొన్నియేండ్లు యంత్రములను బిగించుట, మరమ్మతు చేయుట యందు గడపుట మేలు. చేతికి నూనె యంటినవాని మాటకు మిల్లున విలువ హెచ్చు. టూబ్రో మదుక్కరైలో యంత్రములు నిలిపిన పిదపనే బొంబాయిలో నమ్మకమునకు గూర్చుండెను గదా! అమ్మకమున బ్రవేశించిన తరువాతను, తా నమ్మిన యంత్రమును ఏడాది కొకసారియైన బోయి చూచుట విద్య తుప్పుపట్టకుండ గాపాడును.

తల్లిదండ్రులకు మా మనవి యొక్కటి. బిడ్డ యిట్టి యుద్యోగము దొరకినదని చెప్పినప్పుడు "అమ్ముకొనుటకా?" యని యడుగకుడు. "నీ వమ్ము యంత్రమును నీవు విప్పి బిగింపగలవా? తగనివానికి వలదని చెప్పుటకు నీ కంపెనీ నిన్ను విడుచునా?" యని యడుగుడు. రెంటికిని ఔనని బదులు వచ్చినచో నిశ్చింతగా బంపుడు. కాదని వచ్చినచో, జీతమెంత హెచ్చైనను ఆలోచింపుడు.

అభ్యాసము

1. నీరు 5 మీటర్ల లోతున నున్నది. 4 మీటర్ల పైకి బోయవలెను. గొట్టపు రాపిడికి 3 మీటర్లు కలుపుడు. సెకనుకు 10 లీటర్లు కావలెను. పంపు దక్షత నూటికి 60. ఎన్ని అశ్వశక్తుల పంపు గొనవలెను?

2. పై పంపు రెండెకరములపై నొక యంగుళము నీరు నిలుపుట కెంతసేపు పట్టును?

3. నీటిమట్టము 9 మీటర్ల లోతునకు దిగినచో, నేలమీద నుంచిన పంపు ఏల పనిచేయదు? రైతున కర్థమగునట్లు ఐదు వాక్యములలో వ్రాయుడు.

4. మీ యింటనో, పొరుగుననో ఉన్న యొక పంపును జూచి, దానిమీది రేకుపై వ్రాసిన యంకెలను వ్రాసికొని రండు. అది యచటి యవసరమునకు దగినదో కాదో లెక్కవేసి, కొన్నవారితో మాటలాడుడు.